పందిరి బీరకు బూజు తెగులు: రెండుసార్లు మందు కొట్టినా ఆగలేదు, ఎందుకు?

పందిరిబీర · శనివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మాది బాపట్ల దగ్గర పల్లె, ఇసుక నేల. అరెకరంలో పందిరి మీద బీర పెట్టాం. రెండు వారాల కిందట అడుగు ఆకుల మీద పసుపు మచ్చలు పడ్డాయి. నాన్న రెండు ఆకులు తుంచి మందుల కొట్టుకు పట్టుకెళ్తే, చూసి "బూజు" అని హెక్సాకొనజోల్ ఇచ్చారు. కొట్టాం. వారం ఆగి మళ్ళీ కొట్టాం. మచ్చలు ఆగకపోగా తీగ సగం దాకా ఎగబాకాయి. అడుగు ఆకులు కాలిన కాగితంలా ముడుచుకుపోతున్నాయి.

నాకు అర్థం కానిది ఒకటే. పోయిన రబీలో మినుము మీద తెల్లగా బూడిద తెగులు వస్తే ఇదే మందుతో అదుపులోకి వచ్చింది. అదీ శిలీంధ్రమే, ఇదీ శిలీంధ్రమే కదా. మందు నకిలీదా? నాన్న మోతాదు పెంచి మూడోసారి కొడదామంటున్నారు. సోమవారం దాకా ఆగమని బతిమాలుకున్నాను.

పొలంబడి · శనివారం ఉదయం 10:05

మూడోసారి కొట్టకండి తమ్ముడూ. మందు మంచిదే అయ్యుండొచ్చు. రేపు తెల్లారగట్ల, మంచు ఆరకముందే పందిరి కిందికి వెళ్ళి మచ్చ ఉన్న ఆకును తిప్పి చూడండి. మచ్చ గుండ్రంగా ఉందా, ఈనెల దగ్గర గీత గీసినట్టు ఆగి పలకలు పలకలుగా ఉందా? పై మచ్చకు సరిగ్గా వెనక, బూడిద రంగులో కొంచెం ఊదా కలిసిన నూగు ఉందా? ఇంట్లో భూతద్దం ఉంటే పట్టుకెళ్ళండి. ఎండెక్కాక వెళ్తే ఆ నూగు ఆరిపోయి కనబడదు.

పందిరిబీర · ఆదివారం ఉదయం 6:48

ఇప్పుడే చూసొచ్చాను అన్నా. మీరు రాసినట్టే ఉంది. పైన పసుపు పలకలు, ఒక్కటీ ఈనె దాటలేదు. ఆకు తిప్పితే అచ్చం ఆ పలకంత మేరే బూడిద నూగు, తడిగా ఉంది. చెల్లి స్కూలు భూతద్దంతో చూస్తే సన్నటి చెట్లు కొమ్మలేసినట్టు కనబడింది. వేలితో రాస్తే అంటుకుంది. మినుము మీదది ఇలా లేదు, అది ఆకు పైనే పిండి చల్లినట్టు ఉండేది.

పొలంబడి · ఆదివారం ఉదయం 8:20

అయితే సంగతి తేలిపోయింది. మినుము మీద వచ్చింది బూడిద తెగులు. బీర మీదున్నది బూజు తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నాయి కానీ, ఆ రెండింటికీ చుట్టరికం లేదు.

బూడిద తెగులు తెచ్చేది అసలైన శిలీంధ్రం. దాని కణపొర గట్టిగా నిలబడాలంటే ఎర్గోస్టిరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. మన కణాల్లో కొలెస్టరాల్ చేసే పని దానికి ఎర్గోస్టిరాల్ చేస్తుంది. హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ లాంటి మందులన్నీ ఆ ఎర్గోస్టిరాల్ తయారయ్యే దారిలో ఒక మెట్టును అడ్డుకుంటాయి. పొర చెడి శిలీంధ్రం చస్తుంది.

మీ బీర మీదున్న దాని పేరు సూడోపెరోనోస్పోరా క్యూబెన్సిస్. ఇది ఊమైసీట్ల గుంపుది. ఇవి చూడటానికి శిలీంధ్రాల్లా ఉంటాయి కానీ అసలైన శిలీంధ్రాలు కాదు. ఈ గుంపు ఎర్గోస్టిరాల్ అసలు తయారే చేసుకోదు. అడ్డుకోవడానికి అక్కడ ఆ దారే లేదు. మోతాదు రెండింతలు చేసినా, పదింతలు చేసినా ఖర్చు, ఆకు మాడడం తప్ప ఇంకేం రాదు.

దీనికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిపి వచ్చే పొడి గానీ, సైమోక్సనిల్ కలిసినది గానీ వాడాలి. మెటలాక్సిల్ ఊమైసీట్ల ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపుతుంది. అసలు శిలీంధ్రాల మీద అది పెద్దగా పని చేయదు. ఒకే చోట దెబ్బ కొడుతుంది కాబట్టి తెగులు దానికి తొందరగా అలవాటు పడుతుంది, అందుకే మాంకోజెబ్ తోడు ఉంటుంది. మోతాదు, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలన్నది డబ్బా మీద చూసి అలాగే పాటించండి. ముందుగా ఎండిన అడుగు ఆకులన్నీ తీసి పొలం బయట తగలబెట్టండి. పందిరి కింద గాలి ఆడాలి. నీళ్ళు సాయంత్రం పెట్టకండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే దానికి పండగే.

పాతడిగ్రీ · ఆదివారం ఉదయం 9:30

పొలంబడి గారూ, మీరు చెప్పిన మందు సరైనదే. కానీ "అసలైన శిలీంధ్రం కాదు" అన్న మాట ఒప్పుకోలేకపోతున్నాను. నేను 1980ల్లో బీఎస్సీ బోటనీ చేశాను. పిథియం, ఫైటోఫ్తోరా, అల్బుగో లాంటి ఈ గుంపు జీవులన్నీ ఫైకోమైసిటీస్ అనే తరగతి కింద శిలీంధ్రాలుగానే చదివాం, స్లైడ్లు గీశాం. దారాల్లాంటి తంతువులు ఉన్నాయి, సిద్ధబీజాలు ఉన్నాయి, పత్రహరితం లేదు, పరాన్నజీవనం. ఇంకేం కావాలి? పేర్లు పదేళ్ళకోసారి మార్చడం తప్ప మొక్క మీద తెగులు మారదు కదా.

ఇంటర్_బోటనీ · ఆదివారం ఉదయం 11:15

పాతడిగ్రీ గారూ, మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. ఏటా మా జూనియర్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలు ఇదే అడుగుతారు. కాస్త పొడుగ్గా రాస్తాను.

జీవులను వర్గీకరించిన లినేయస్ కాలం నుంచి పుట్టగొడుగులూ బూజులూ మొక్కల్లోనే ఉండేవి. కదలవు, నేలలోంచి మొలుస్తాయి, కాబట్టి మొక్కలు. 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త ఐదు రాజ్యాల పద్ధతి పెట్టి శిలీంధ్రాలను విడిగా నిలబెట్టాడు. ఆయన ప్రధానంగా చూసింది తిండి తినే తీరు. మొక్క వండుకుంటుంది. జంతువు మింగి లోపల అరిగించుకుంటుంది. శిలీంధ్రం ముందు బయటే అరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటుంది. రొట్టె మీద రైజోపస్ అనే బూజు పెరిగిన చోట మెత్తబడి చెమ్మగిల్లడం అందరూ చూసే ఉంటారు. రొట్టెలోని పిండి పదార్థం బూజు ఒంట్లోకి పోకముందే దాని ఎంజైములకు కరిగిపోతోందన్నమాట.

అయితే తంతువులతో పీల్చుకునే ఈ పద్ధతి ఒక్క వంశంలోనే పుట్టలేదు. ఇక్కడే మన పాత వర్గీకరణ తప్పింది. గబ్బిలానికి రెక్కలున్నాయని కాకి పక్కన పెట్టినట్టు, తంతువులున్నవన్నీ ఒక గూట్లో పెట్టాం. లోపల చూస్తే తేడాలు బోలెడు. శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండేదే. ఊమైసీట్ల కవచంలో ముఖ్యంగా సెల్యులోజు, బీటా గ్లూకన్లు. శిలీంధ్ర తంతువులో కేంద్రకాలు సాధారణంగా ఏకస్థితికం (క్రోమోజోములు ఒక్క వరస), ఊమైసీట్లవి ద్వయస్థితికం (రెండు వరసలు). ఊమైసీట్ల గమన సిద్ధబీజానికి, అంటే ఈదే బీజానికి, రెండు కశాభాలు (తోకలు), ఒకటి ఈకలాంటిది, ఒకటి నున్ననిది. డీఎన్‌ఏ చూస్తే వీటి చుట్టాలు సముద్రపు గోధుమ శైవలాలు, డయాటమ్‌లు.

మరి శిలీంధ్రాల చుట్టాలెవరు? మనమే. 1993లో వచ్చిన పరిశోధనలు జంతువులూ శిలీంధ్రాలూ ఒకే కొమ్మ నుంచి చీలాయని చూపించాయి. ఆ కొమ్మ గుర్తు వెనకవైపు ఒకే ఒక తోక. కైట్రిడ్ శిలీంధ్రాల ఈదే బీజానికి అది ఉంది, మన శుక్రకణానికీ ఉంది. పుట్టగొడుగు గులాబీ మొక్క కన్నా మనకే దగ్గర.

"తెగులు మారదు కదా" అన్నారు. మారకపోయినా, మందు మారింది చూడండి. పందిరిబీర గారి రెండుసార్ల ఖర్చూ ఆ పాత గూటి వల్ల పోయిందే.

కోనసీమ_కొబ్బరి · ఆదివారం మధ్యాహ్నం 1:40

టీచర్ గారూ, ఈ గుంపు మా గోదావరి వాళ్ళకు చాలా పాత శత్రువు. కొబ్బరికి మొవ్వు కుళ్ళు వస్తే నడిమి మొవ్వాకు లాగితే చేతిలోకి ఊడొస్తుంది, ఆకు మొదలు దగ్గర భరించలేని కంపు. దాన్ని తెచ్చే ఫైటోఫ్తోరా పాల్మివోరాకు పేరు పెట్టింది మా డెల్టా చెట్లను చూసే. గత శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు ప్రభుత్వం తరఫున బట్లర్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త వచ్చి ఇక్కడి తాడిచెట్ల మొవ్వు కుళ్ళును పరిశీలించాడు. మొదట పిథియం అన్నాడు, 1919లో తనే ఫైటోఫ్తోరాలోకి మార్చాడు. పాల్మివోరా అంటే తాటి జాతిని తినేది అని.

మేం ఇప్పటికీ మొవ్వులో బోర్డో మిశ్రమం పోస్తాం. మైలుతుత్తం, సున్నం. అది ఫ్రాన్సులో ద్రాక్ష బూజు తెగులు కోసం 1885లో పుట్టింది, ఆ ద్రాక్ష తెగులు కూడా ఊమైసీటే. మైలుతుత్తంలోని రాగి, కణంలో ఒక్క మెట్టు అని చూడదు, చాలా చోట్ల కొడుతుంది, కాబట్టి అసలు శిలీంధ్రం మీదా పని చేస్తుంది. గుర్తుపట్టడం తెలియని రోజుల్లో మా తాతలను కాపాడింది అదే.

సూక్ష్మదర్శిని · ఆదివారం సాయంత్రం 6:25

నేను ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. పొలంలో జరిగిందే మనుషుల్లోనూ జరుగుతుంది, అందుకే రాస్తున్నాను.

2021 వేసవిలో కోవిడ్ రెండో దశ అప్పుడు "బ్లాక్ ఫంగస్" అన్నారు గుర్తుందా. ఆ శిలీంధ్రం నలుపు కాదు. మ్యూకోరేల్స్ గుంపు, రొట్టె మీద పెరిగే రైజోపస్ బంధువులే. అవి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోతే రక్తం అందక కండ చచ్చి నల్లబడుతుంది, ఆ నలుపు చూసి పెట్టిన పేరు. షుగరు అదుపులో లేక, పైన స్టెరాయిడ్లు పడ్డవాళ్ళకు ఎక్కువగా వచ్చింది.

ముక్కులోంచి తీసిన కండను పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో పెట్టి చూసేవాళ్ళం. తంతువు వెడల్పుగా, రిబ్బను మడతపడ్డట్టు, అడ్డుగోడలు దాదాపు లేకుండా, కొమ్మ ఇంచుమించు లంబకోణంలో చీలితే మ్యూకర్. సన్నగా, అడ్డుగోడలతో, కొమ్మ వేలి సందులా ఏటవాలుగా చీలితే ఆస్పర్జిల్లస్. ఆ ఒక్క చూపు మీద మందు ఆధారపడేది. ఆస్పర్జిల్లస్‌కు వొరికొనజోల్ మొదటి మందు. అదే వొరికొనజోల్ మ్యూకర్ మీద పని చేయదు. దానికి యాంఫోటెరిసిన్ కావాలి, ఆ రోజుల్లో దాని కోసం జనం ఊళ్ళు పట్టుకు తిరిగారు. మా మేనమామకు ఒక ఆసుపత్రిలో పరీక్ష చేయకుండా నాలుగు రోజులు వేరే మందు నడిపారు. ఒక కన్ను పోయింది. రాత్రి షిఫ్టులో స్లైడు పెట్టిన ప్రతిసారీ ఆ నాలుగు రోజులు గుర్తొస్తాయి.

ఇంకోటి, తామర. శిలీంధ్రాలు మనకు దగ్గర చుట్టాలు కాబట్టే వాటిని చంపి మనల్ని వదిలేసే మందులు తక్కువ. కొట్లో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద తగ్గినట్టుంటుంది, కానీ ఒంటి రక్షణ తగ్గి శిలీంధ్రం లోలోపల విస్తరిస్తుంది. మన దేశంలో ఇప్పుడు మొండి తామరకు కారణమైన రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. చాలా కేసుల్లో టెర్బినఫిన్ అనే తామర మందుకు లొంగడం లేదు. దయచేసి చర్మ వైద్యులకు చూపించుకోండి.

పాతడిగ్రీ · ఆదివారం రాత్రి 8:50

సూక్ష్మదర్శిని గారూ, మీ మేనమామ గారి సంగతి చదివి బాధ కలిగింది. నేను పొద్దున పేర్లే కదా అని తేలిగ్గా రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం మాత్రం మిగిలింది. అయితే ఎర్గోస్టిరాల్ ఉంటే శిలీంధ్రం, లేకపోతే కాదు అని గుర్తు పెట్టుకోవచ్చా?

సూక్ష్మదర్శిని · ఆదివారం రాత్రి 9:35

పూర్తిగా కుదరదు సర్. న్యూమోసిస్టిస్ ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తుల్లో వస్తుంది. చాలాకాలం దాన్ని ప్రోటోజోవా అనుకున్నారు, 1988లో ఆర్‌ఎన్‌ఏ చూసి శిలీంధ్రమని తేల్చారు. కానీ దాని పొరలో ఎర్గోస్టిరాల్ బదులు కొలెస్టరాల్ ఉంటుంది. కాబట్టి శిలీంధ్రాల మామూలు మందులు పని చేయవు, కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. వంశం ఏదో తెలియాలి, ఆ వంశంలో ఇది ఏం పోగొట్టుకుందో కూడా తెలియాలి.

మానుకోట · సోమవారం ఉదయం 7:15

మంచి ముచ్చట నడుస్తున్నది. మా దిక్కు మాట ఒకటి చెప్త. అందరు తెగుళ్ళే రాస్తున్నరు, తినేటి వాటి సంగతి ఎవరు ఎత్తలే.

మృగశిర పోయి వానలు గట్టిగ పడంగనే మా అమ్మమ్మ పుట్టల కాడికి తీస్కపోయేది. పుట్టగొడుగు పీకొద్దు, చుట్టూ మన్ను తవ్వాలె అనేది. ఎందుకంటే కాడ కిందికి మూరెడు దిగి ఉంటది, సన్నగ వేరు లెక్క. చిన్నప్పుడు ఆ వేరు ఏడికి పోతదో చూద్దామని తవ్విన. పుట్ట లోపల స్పంజి లెక్క, మెదడు మడతల లెక్క ఒక గడ్డ దొరికింది. దాని మీద ఆవగింజలంత తెల్ల గుండ్లు. చెదలు దాని చుట్టే తిరుగుతున్నయి. అదేందో తర్వాత చానా ఏండ్లకు తెలిసింది.

ఇంటర్_బోటనీ · సోమవారం ఉదయం 8:40

మానుకోట గారూ, మీరు చిన్నప్పుడే చెదల వ్యవసాయ క్షేత్రం చూశారు! అది టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం. మనవాళ్ళు "పుట్టగొడుగు" అని పేరు పెట్టారంటే అది మొదట దీని పేరే అయ్యుండాలని నా నమ్మకం. పుట్టలో పుట్టే గొడుగు ఇదే కదా. ఇప్పుడు మాత్రం బజార్లో పెట్టెల్లో వచ్చే బటన్ రకాన్నీ ఆ పేరుతోనే పిలుస్తున్నాం.

చెదపురుగులు ఎండు ఆకూ కట్టే తిని విసర్జించిన దానితో ఆ స్పంజి గడ్డ కడతాయి. దాని మీద ఈ శిలీంధ్రం పెరిగి, చెదలకు అరగని, కట్టెలోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విరగ్గొడుతుంది. ఆ తెల్ల గుండ్లు వాటి తిండి. ఈ సేద్యం ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ళ కిందట మొదలైందని అంచనా. చెదలు లేకుండా దీన్ని షెడ్లో పెంచడం కుదరక, ముత్యపుచిప్ప పుట్టగొడుగులూ పాల పుట్టగొడుగులూ పెంచుతున్నాం.

మనం కోసుకునేది ఆ జీవి సిద్ధబీజాలు వెదజల్లడానికి పైకి పంపిన ఫలనాంగం మాత్రమే. అసలు ఒళ్ళంతా లోపల అల్లుకున్న శిలీంధ్రజాలం.

పెరటిమొక్క · సోమవారం ఉదయం 10:00

నిన్నటి వానకు మా లాన్‌లో పళ్ళెమంత తెల్ల గొడుగులు లేచాయి. ఫోటో పెట్టాను. వండుకోవచ్చా?

సూక్ష్మదర్శిని · సోమవారం ఉదయం 10:04

వద్దు! ఎవరూ ఫోటో చూసి తినొచ్చని చెప్పకండి.

ఇంటర్_బోటనీ · సోమవారం ఉదయం 10:30

వండకండమ్మా. ఒక గొడుగు కాడ తుంచి, తెల్ల కాగితం మీద మొప్పలు (గొడుగు అడుగున ఉండే పొరలు) కిందికి పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దునకు సిద్ధబీజాలు రాలి అచ్చు పడుతుంది. పచ్చటి అచ్చు పడితే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్, లాన్లలో బాగా వస్తుంది, తింటే వాంతులూ విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. పచ్చగా పడకపోయినా తినొచ్చని అర్థం కాదు. అచ్చు చూడటానికి మాత్రం భలే బాగుంటుంది, పిల్లలకు చూపించండి. చేతులు కడుక్కోండి.

పెరటిమొక్క · మంగళవారం ఉదయం 7:50

పచ్చగానే పడింది మేడం! లేత పెసరపప్పు రంగు. నిన్న సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టేదాన్నే. మా ఆయనతో అన్నీ తీయించి గుంట తీసి పూడ్పించాను. చాలా చాలా థాంక్స్.

డిగ్రీ_విద్యార్థి · మంగళవారం మధ్యాహ్నం 12:20

మేడం, నేను తమ్ముడికి నీట్ చెబుతున్నా. పుస్తకంలో ఇంకా ఫైకోమైసిటీస్, ఆస్కో, బసిడియో, డ్యూటిరో అనే నాలుగే ఉన్నాయి. వాడికి ఏం చెప్పాలి?

ఇంటర్_బోటనీ · మంగళవారం సాయంత్రం 5:10

పరీక్షలో పుస్తకం ఏం రాస్తే అదే రాయమనండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ ఫైకోమైసిటీస్‌కు పుస్తకం ఇచ్చిన ఉదాహరణలు చూడండి: మ్యూకర్, రైజోపస్, అల్బుగో. మొదటి రెండూ శిలీంధ్రాలు, మూడోది ఊమైసీటు. వాడికి తోటకూర కట్ట తెచ్చి చూపించండి. ఆకు వెనక తెల్లటి పాలపొంగు బొబ్బలు కనిపిస్తే అది అల్బుగో కుటుంబమే. బొబ్బ గోటితో గీకితే సుద్దపొడి రాలుతుంది.

డ్యూటిరోమైసిటీస్ ఒక వంశం కాదు. లైంగిక దశ కనబడని వాటన్నింటినీ తాత్కాలికంగా కూర్చోబెట్టిన వరండా అది. దానివల్ల ఒకే జీవికి రెండు పేర్లు వచ్చాయి. వరిలో పాము పొడ తెగులు తెచ్చేదాన్ని రైజోక్టోనియా అన్నాం, దాని లైంగిక దశను థనాటెఫోరస్ అన్నాం. అగ్గి తెగులుకు పిరిక్యులేరియా, మాగ్నాపోర్తే. 2011లో మెల్‌బోర్న్ వృక్షశాస్త్ర మహాసభలో ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అని తీర్మానించారు. డీఎన్‌ఏతో వరండాలో ఉన్నవాళ్ళు చాలామంది ఆస్కోమైకోటా ఇంటికి, కొందరు బసిడియోమైకోటా ఇంటికి వెళ్ళారు. జైగోమైకోటా కూడా 2016లో రెండుగా చీలింది.

వరిలో మానిపండు తెగులును ఇంగ్లీషులో ఫాల్స్ స్మట్, అంటే నకిలీ కాటుక తెగులు అంటారు. అసలు కాటుక తెగుళ్ళు బసిడియోమైకోటా, మానిపండు ఆస్కోమైకోటా. గింజ చోట పసుపు ఉండ ఉబ్బి తర్వాత ముదురు పచ్చగా మారే ఆ తెగులుకు మనవాళ్ళ పేరే నయం, కాటుక తెగులు ఊసే ఎత్తలేదు.

పాతడిగ్రీ · మంగళవారం రాత్రి 9:00

ఈ సందర్భంలో మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోవాలి. అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో ఆయన పరిశోధన విభాగాన్ని నడిపిన కాలంలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. అది ఇచ్చిన స్ట్రెప్టోమైసిస్ పేరులో "మైసిస్" (శిలీంధ్రం అని అర్థం) ఉంది, తంతువుల్లా పెరుగుతుంది, మట్టిలో ఉంటుంది. కానీ దానికి కేంద్రకమే లేదు, బ్యాక్టీరియా. ఆయన పోయాక, 1953లో హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త ఒక కొత్త శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. అది మాత్రం నిఖార్సైన శిలీంధ్రం, ఆస్కోమైకోటా. నా పాత నోట్సు వెతికితే నేనే రాసుకున్న ఈ ముక్క దొరికింది, సంతోషమేసింది.

మానుకోట · బుధవారం ఉదయం 6:30

మరి బిర్యానీల ఏసే రాతిపువ్వు?

ఇంటర్_బోటనీ · బుధవారం ఉదయం 7:45

లైకెన్. ఒక శిలీంధ్రం కట్టిన ఇంట్లో శైవలం వంట చేసి పెడుతుంది. రెండు జీవులైనా శాస్త్రీయ నామం శిలీంధ్రానిదే.

పందిరిబీర · తర్వాతి బుధవారం ఉదయం 7:05

అందరికీ చెప్పాలని వచ్చాను. ఆ సోమవారమే అడుగు ఆకులు మూడు బస్తాలు తీసి తగలబెట్టాం. మంగళవారం మెటలాక్సిల్ మాంకోజెబ్ కొట్టాం, ఆకు వెనక తడిసేలా. నీళ్ళు పొద్దునకు మార్చాం. పాత మచ్చలు అలాగే ఎండిపోయాయి, వాటి వెనక నూగు లేదు. కొస నుంచి వచ్చిన కొత్త ఆకులు పదిహేను దాకా తిప్పి చూశాను, ఒక్కదానికీ పలక మచ్చ లేదు.

నాన్న ఇప్పుడు భూతద్దం చెల్లికి తిరిగివ్వడం లేదు. నిన్న పక్క చేను దోస ఆకు తెచ్చి వెలుతురులో పెట్టి, "ఇది పైన పిండిలా ఉంది, ఇది ఆ మినుముదే" అన్నారు. తిప్పి చూస్తే వెనక కూడా కొంచెం తెల్ల పిండి ఉంది, కానీ మచ్చ పలకగా లేదు. బూడిద తెగులేనా అన్నా? ఫోటో కింద పెడుతున్నాను.

పొలంబడి · తర్వాతి బుధవారం ఉదయం 7:30

బూడిద తెగులే. నాన్నగారు సరిగ్గా పట్టారు. దీనికి మీ దగ్గర మిగిలిన హెక్సాకొనజోల్ పనికొస్తుంది. దోస మీద వాడొచ్చని డబ్బా మీద ఉందో లేదో చూసి ఇవ్వండి.